ఆడపిల్ల లేని ఇంటి అల్లుడు

నాకు పెళ్లి కాకముందే చాలా ఊళ్లకు అల్లుడినయ్యాను. ఒక ఊళ్లో పెద్దల్లుడిని, ఇంకో ఊళ్లో ఇల్లరికపు అల్లుడిని. సత్తుపల్లి వైపు ఒక చోట కాబోయే అల్లుడిని. ఏళ్ల తరబడి కాబోయే అల్లుడిగానే ఉండిపోయినా అక్కడ ఎవరూ ముహూర్తం సంగతి ఎత్తలేదు. కారేపల్లి అవతల ఎవరికో తోడల్లుడినట. ఆ మహానుభావుడిని నేను ఇంతవరకు చూడలేదు. ఈ చుట్టరికాలన్నిటికీ కారణం నా ఎడమ చెయ్యి.

రెండు వేల సంవత్సరం దాటిన తరువాతి మాట ఇది. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా కోత అయిపోయిన ప్రతి పొలమూ క్రికెట్ గ్రౌండే. క్రిస్మస్‌కి చర్చి యూత్ వాళ్లు, ఎండాకాలంలో ఊరి యూత్ వాళ్లు టెన్నిస్ బంతితో టోర్నమెంట్లు పెట్టేవారు. షామియానా, మైకు, సున్నంతో గీసిన గీతలు, గెలిచినవాళ్లకు కప్పు, కప్పుతో పాటు పొట్టేలు. కప్పు మీద ఆశ ఉన్నవాడిని నేనింతవరకు చూడలేదు. అందరి చూపూ షామియానా గుంజకు కట్టేసిన పొట్టేలు మీదే. దానికోసం ప్రతి ఊరూ పట్నం నుంచి ఒక మంచి బౌలర్‌నో బ్యాట్స్‌మన్‌నో తెచ్చుకునేది. అట్లా తెచ్చుకున్నవాళ్లను కిరాయి ఆటగాళ్లు అనేవారు. నేను కిరాయి బౌలర్ని.

కొన్నాళ్లకు ఈ కిరాయి శ్రుతి మించింది. ఒక ఫైనల్లో రెండు జట్లలోనూ ఆ ఊళ్లవాళ్లు ఎవరా అని వెతుక్కోవలసి వచ్చింది. దాంతో పెద్దమనుషులకు రోషం వచ్చి కరపత్రాల్లో ఒక రూలు అచ్చు వేయించారు: ఊరివారు, ఊరి చుట్టములు మాత్రమే ఆడవలెను. ఆ రూలు రాసినవాళ్ల అమాయకత్వానికి నాకిప్పటికీ నవ్వొస్తుంది. బస్సులో పక్క సీటువాడితో రెండు స్టాపుల్లో వరుస కలిపే జనం మనం, మన దగ్గర చుట్టం కాని మనిషి ఎక్కడ దొరుకుతాడు? రూలు వచ్చిన వారానికే నేను ముదిగొండ దగ్గర ఒక ఊరికి మేనల్లుడినయ్యాను, ఆ పై వారం ఇంకో ఊరికి బావమరిదిని. చివరికి అన్ని ఊళ్లూ తేల్చుకున్నది ఏమిటంటే అల్లుడి వరుసంత సుఖం ఇంకోటి లేదు. అల్లుడి ఇంటిపేరు ఏదైనా కావచ్చు, మొహం ఎవరికీ తెలియనక్కరలేదు. ఫీల్డింగ్‌లో బంతి వెనకాల పరిగెత్తకపోయినా "పోనీరా, అల్లుడు గదా" అని వదిలేసేవారు. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా నాకూ ఆ వరుసే నచ్చింది.

మా అమ్మకు మాత్రం నచ్చలేదు. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టున్నది నీ యవ్వారం. రేపు నిజంగ పిల్లనియ్యాలంటే ఎవడిస్తడురా నీకు?" అనేది. ఆదివారం తెల్లారగట్ల మొదటి ఆరాధనకు వెళ్లి, ఆఖరి పాటలో అమ్మ గొంతు అందరికంటే పైకి లేచే సమయానికి నేను చెప్పులు వెతుక్కుంటూ ఉండేవాడిని. బయట నా దోస్తు బైకు స్టార్ట్ చేసి ఉంచేవాడు. వాడే నా డ్రైవరు, వాడే మేనేజరు, ఆ రోజు నేను ఎవరి అల్లుడినో దారిలో చెప్పేవాడూ వాడే.

వారంలో మిగతా రోజులు నేను ఖమ్మంలో ఒక మోటార్ వైండింగ్ షాపులో పనిచేసేవాడిని. కాలిపోయిన వ్యవసాయ మోటార్లలో రాగి తీగ పీకేసి కొత్త తీగ చుట్టడం. నా స్లో బాల్ పుట్టింది అక్కడే. చుట్టు యంత్రం హ్యాండిల్‌ని గిరగిరా తిప్పుతూ తిప్పుతూ ఆఖరి చుట్టు దగ్గర మణికట్టు ఒక్కసారిగా వదులు చేయాలి, లేకపోతే తీగ పుటుక్కుమంటుంది. ఒకరోజు బంతి వేస్తుంటే చెయ్యి అలవాటుకొద్దీ అట్లాగే వదులైంది. చెయ్యి చూస్తే తుఫాను, బంతి చూస్తే దారి మధ్యలో ఎవరో పలకరిస్తే ఆగినట్టు. బ్యాట్స్‌మన్ బ్యాటు ఊపి, నడుము తిప్పి, తీరిగ్గా వెనక్కి చూసుకునే వేళకు బంతి వచ్చి వికెట్లను పడగొట్టింది. ఆ రోజు నేను గ్రౌండంతా పరిగెత్తాను. ఎవరు పట్టుకోబోయినా దొరకలేదు.

నేను గొప్ప బౌలర్‌నని మీరనుకోకూడదు, నేనైతే అనుకున్నాను. జిల్లా సెలెక్షన్లకు కూడా వెళ్లాను. అక్కడ తోలు బంతి ఇచ్చారు. నా మణికట్టుకు ఆ బంతితో పరిచయం లేదు. బంతి ఒకసారి వికెట్ల వైపు, ఒకసారి సెలెక్టర్ల కుర్చీల వైపు వెళ్లింది. "బాబూ, నువ్వు ఎక్కడ నుంచి వచ్చావో అక్కడికే వెళ్లు" అని ఒక పెద్దాయన చాలా మర్యాదగా చెప్పాడు. నేను అట్లాగే వెళ్లాను. టెన్నిస్ బంతి నన్నెప్పుడూ తిట్టలేదు. తిరిగొచ్చే దారిలో కాసేపు ఏడుపొచ్చింది, దోస్తు మిర్చి బజ్జీలు కొనిపెట్టాక తగ్గింది.

ఎన్ని రకాల నేలల మీద బంతి వేశానో! నల్లరేగడిలో పగుళ్లకు తగిలి బంతి దాని ఇష్టం వచ్చినట్టు పోయేది. బొగ్గు గనుల వైపు ఆడితే సాయంత్రానికి రెండు జట్లూ ఒకే రంగు. గోదావరి ఇసుకలో పరిగెత్తి వస్తే సగం వేగం ఇసుకకే పోయేది. కిరాయి కూడా ఆ ఊరి పంటను బట్టి ఉండేది. ఒక చోట మామిడికాయలు, ఒక చోట ఎండుమిర్చి, ఒక చోట బతికున్న నాటుకోడి. ఆ కోడిని ఒళ్లో పెట్టుకుని బైకు వెనక కూర్చుంటే ఖమ్మం వచ్చేదాకా అది నా స్లో బాల్ చెయ్యినే పొడిచింది. వేసుకునే చొక్కా ప్రతి ఆదివారం వేరే ఊరిది, వీపు మీద ప్రతిసారీ వేరేవాడి పేరు. మా ఇంటి దండెం మీద ఆరేసిన చొక్కాలు చూసి కొత్తగా వచ్చిన పక్కింటావిడ మాది చాలా పెద్ద కుటుంబం అనుకుంది.

ఇన్ని అత్తవారిళ్లలో ఒక్క ఇల్లు మాత్రం నాకు అచ్చంగా అత్తవారిల్లయింది. భద్రాచలం రోడ్డు వదిలి జామాయిల్ తోటలు దాటి లోపలికి పోతే అడవి అంచున ఉంటుంది ఆ ఊరు. కెప్టెన్, వాడి ముగ్గురు తమ్ముళ్లు కలిస్తేనే సగం జట్టు. వాళ్లమ్మ ఆ ఊరికి పెద్ద దిక్కు. మొదటిసారి వెళ్లినప్పుడు కొడుకు ఆమెకు రూలు సంగతి చెప్పి, "గందుకే ఈయన్ను అల్లుడంటున్నమే, ఎవలన్న అడిగితే నువ్వు గూడ గట్లనే చెప్పు" అన్నాడు. మిగతా ఊళ్లలో అల్లుడన్న మాట మైకు వరకే. ఈమె దాన్ని వంటింటి దాకా తీసుకుపోయింది. నులక మంచం మీద కొత్త దుప్పటి పరిచింది. లేత వెదురు కొమ్ముల కూర, నాటుకోడి పులుసు వండింది. నేను కింద కూర్చోబోతే కసిరింది.

"కింద కూసుంటవేంది? అల్లుడివి. మంచం మీదనే కూసో."

"అది ఉత్త మాట గదత్తా" అన్నాను.

"ఉత్త మాటకు కోడిని కోస్తరా?" అని నవ్వింది. తరువాత నా పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ, "నాకు నలుగురూ కొడుకులే. ఒక్క బిడ్డ కావాలని మొక్కని మొక్కు లేదు. బిడ్డ రాలే. అల్లుడు ముందుగాల వచ్చిండు" అంది. నవ్వుతూనే అంది. ఆ తరువాత ఎన్నిసార్లు వెళ్లినా నన్ను మంచం దిగనివ్వలేదు. ఆమె ముందు కింద కూర్చోవడం నాకు ఒక తీరని కోరిక అయిపోయింది.

అసలు పెళ్లి మాటకొస్తే, అది నా చూపుడు వేలు చీలడంతో మొదలైంది. టేపు చుట్టిన బంతి ఒకటి పట్టబోయి వేలు చీల్చుకున్నాను. దోస్తు ఖమ్మంలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానాకు తీసుకుపోయాడు. అక్కడి నర్సు సూది బయటకు తీసింది. సూది చూడగానే నేను పడిపోయాను. లేచేసరికి ఆమె నా ముఖం మీద నీళ్లు చల్లుతూ, నవ్వు ఆపుకోలేక అటు తిరిగి, మళ్లీ ఇటు తిరిగి, మళ్లీ నవ్వుతోంది.

"ఈయన ఫాస్ట్ బౌలరంట?" అని దోస్తుని అడిగింది.

"స్లో బాల్ స్పెషలిస్టు" అన్నాడు వాడు.

"అవ్, మస్తు స్లోగ పడ్డడు" అంది.

ఆ నెలంతా నాకు ఎన్ని దెబ్బలు తగిలాయో చెప్పలేను. కొన్ని నిజంగానే తగిలాయి. దవాఖానాకు వచ్చే జనమంతా ఆమెను సిస్టర్ అని పిలిచేవారు. నేనొక్కణ్నే ఆ మాట అనకుండా "ఏమండీ" అనేవాడిని. అది ఆమె కనిపెట్టింది. కట్టు కడుతూ తల ఎత్తకుండానే, "ఇంకెన్ని దెబ్బలు తగిలించుకుంటవ్? ఇంటికొచ్చి మా నాయన్ను అడుగు" అంది. ఆ రోజు నేను దవాఖానా నుంచి షాపు దాకా నడిచానో ఎగిరానో తెలియదు. షాపులో మోటారు వైరు తప్పు చుట్టి, అది స్విచ్ వేయగానే వెనక్కి తిరిగితే, ఓనరు కూడా నన్ను చూసి తిట్టలేకపోయాడు.

ఒక చిక్కు మాత్రం ముందే చెప్పింది. "మా నాయనకు క్రికెట్ అంటే పాణం. అంపైరింగ్ చేస్తడు. కిరాయి ఆటగాళ్లంటే మాత్రం టికెట్ లేకుండ బస్సెక్కినోళ్ల లెక్క. గా చుట్టాల రూలు రాయించినోళ్లల్ల ఆయన గూడ ఉన్నడు. నువ్వు ఆడతవని ఇప్పుడే చెప్పకు, నేనే మెల్లగ చెప్త."

ఆయన బస్ కండక్టరు, చర్చిలో పెద్ద. క్రిస్మస్‌కి ముందు ఆదివారం నేనూ అమ్మా వాళ్లింటికి వెళ్లాం. గోడ మీద ఆమె తల్లి ఫోటో ఉంది. టీ ఆయనే పెట్టి తెచ్చాడు. భార్య పోయాక డ్యూటీకి పోయే ముందు కూతురికి జడలు కూడా ఆయనే వేసేవాడట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు ఆయనంటే భయంతోపాటు గౌరవం కూడా మొదలైంది.

"తల్లి లేని పిల్ల. చూసి ఇయ్యాలె" అన్నాడు. తరువాత టికెట్ తనిఖీ చేస్తున్నట్టు నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఇంతకు ముందు ఎక్కడన్న సంబంధాలు అనుకున్నరా?"

మా అమ్మకు టీ పొలమారింది. "లేదు సార్. మావోనికి ఇదే మొదలు" అంది దగ్గుతూనే.

"మంచిది. పండుగ పోయినంక చెప్త" అన్నాడాయన.

నేను అప్పుడే బంతి పక్కన పెట్టి ఇంట్లో బుద్ధిగా కూర్చోవలసింది. కానీ అడవి అంచు కెప్టెన్ నుంచి కబురొచ్చింది. క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ మధ్య, భద్రాచలం రోడ్డు మీద ఒక ఊళ్లో టోర్నమెంటు. "బావా, గీ సారి అమ్మ గూడ వస్తనంటున్నది. అల్లుడికి ఇన్నేండ్లు వండి పెట్టిన, ఆట ఒక్కసారి గూడ చూడలేదంటున్నది" అన్నాడు. ఇక నేను రానని ఎట్లా చెప్పను? ఆ ఊరికీ నా కాబోయే మామగారి ఊరికీ చాలా దూరం. ఏం కాదులే అన్నాడు దోస్తు. వాడు ఏం కాదన్న ప్రతిసారీ ఏదో ఒకటి అయింది, అయినా నమ్మాను.

గ్రౌండులో దిగేసరికి జామాయిల్ చెట్ల నీడలో ట్రాక్టర్లు బారులు తీరి ఉన్నాయి. మా ట్రాక్టరు తొట్టిలో అత్త కొత్త చీరలో అందరికంటే ముందు నిలబడి ఉంది. షామియానా కింద ఒక బల్ల, బల్ల మీద మందుల పెట్టె, పెట్టె వెనక దవాఖానా నర్సు. నా నర్సు! నన్ను చూసి ఆమె కళ్లు పెద్దవి చేసి, కుడి పక్కకు చూడమని సైగ చేసింది. కుడి పక్కన తెల్ల చొక్కా, గడ్డి టోపీ, మెడలో కండక్టరు విజిల్. గట్టి అంపైరు కావాలని వాళ్ల నాయన్ను అంత దూరం నుంచి పిలిపించారట, దెబ్బలకు మందు రాయడానికి కూతుర్ని ఆయనే వెంట తెచ్చాడట.

తలకు తువ్వాలు చుట్టుకున్నాను. కెప్టెన్ వెనక దాక్కున్నాను. టాస్ ఓడిపోతే బౌలింగ్ ఆలస్యంగా వస్తుందేమో, ఈలోపు జ్వరం తెచ్చుకుందామనుకున్నాను. మనవాడు టాస్ గెలిచి, నన్ను చూసి గర్వంగా నవ్వి, బౌలింగే తీసుకున్నాడు. మైకువాడు అందుకున్నాడు.

"మొదటి ఓవర్ వెయ్యనీకి వస్తున్నడు, అడవి అంచు ఊరి ముద్దుల అల్లుడు, ఎడమచేతి సుడిగాలి!"

అల్లుడన్న మాటకు షామియానాలో చప్పట్లు. మందుల బల్ల వెనక ఒకావిడ చున్నీలో మొహం దాచుకుని భుజాలు కదిలేలా నవ్వుతోంది. నేను తల వంచుకుని పరిగెత్తాను. అదృష్టం ఏమిటంటే నో బాల్ విషయంలో ఆయన మహా కఠినం. ఆయన చూపు నా మొహం మీద లేదు, గీత దగ్గర నా కాలి మీదే ఉంది. భయంలో మణికట్టు దానంతటదే వదులైంది. బంతి మెల్లగా వెళ్లి, బ్యాట్స్‌మన్‌ని దాటి, మధ్య వికెట్‌ను పడగొట్టింది. ట్రాక్టర్లన్నీ హారన్లు కొట్టాయి. నా జీవితంలోనే అంత అందమైన బంతి వేయలేదు. ఎవరైనా దాన్ని ఒప్పుకున్నారా? అవతలి కెప్టెన్ చిందులు తొక్కుతూ వచ్చాడు.

"సార్, అబ్జెక్షన్! వీడు అల్లుడు గిల్లుడు ఏం గాదు, ఖమ్మం కిరాయి బౌలర్. పోయిన ఎండాకాలం మా పక్క ఊరికి గూడ అల్లుడే!"

అంపైరు గారి చూపు నా కాలి మీద నుంచి మెల్లగా పైకి లేచింది. మోకాలు, చొక్కా, తువ్వాలు. తువ్వాలు ఆయనే తీశాడు.

"నువ్వా?" అన్నాడు.

మైకువాడు పొడుగాటి వైరు ఈడ్చుకుంటూ మా మధ్యకు వచ్చేశాడు. ఆ మనిషిని నేను ఇప్పటికీ క్షమించలేదు.

"ఏమయ్యా, నువ్వు వీళ్ల అల్లుడివా?" అని అడిగాడు అంపైరు.

అవునంటే పిల్ల పోతుంది. కాదంటే జట్టు పోతుంది, పొట్టేలు పోతుంది, నా ఆట చూడ్డానికి మొదటిసారి ఊరు దాటొచ్చిన మనిషి మొహం చిన్నబోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ రోజు తెలిసింది. "అల్లుడు ఆలోచనల పడ్డడు!" అని మైకు చెప్పింది.

మా కెప్టెన్ ముందుకొచ్చాడు. "అవ్ సార్, మా ఇంటి అల్లుడే."

"మీ అక్కనిచ్చిండ్రా, చెల్లెనిచ్చిండ్రా?"

"మేం నలుగురం అన్నదమ్ములమే సార్" అనేశాడు వాడు. అబద్ధం చెప్పడానికి కూడా అభ్యాసం ఉండాలి. జనం ఘొల్లుమన్నారు.

"అక్క లేదు, చెల్లె లేదు, అల్లుడు మాత్రం ఉన్నడు. ఇదేం లెక్క?" అంపైరు గొంతు పెరిగింది. "అల్లుడు కాకపోతే మీ టీం బయటికి. అల్లుడే అయితే" అని నా వైపు తిరిగాడు, "మొన్న ఆదివారం తల్లిని తోలుకొని మా ఇంటికి పిల్లనడగనీకి ఎట్ల వచ్చినవ్ రా?"

మైకు ఆయన గడ్డం కిందే ఉంది. మాట జామాయిల్ తోట దాకా పోయి తిరిగొచ్చింది. తరువాత అందరి తలలూ ఒకేసారి మందుల బల్ల వైపు తిరిగాయి. ఆమె ఇప్పుడు నవ్వడం లేదు. నా వైపే చూస్తోంది. ఆ మొహం చూశాక నాకు ఏ కప్పూ, ఏ ఊరూ గుర్తు రాలేదు. ఈ పిల్ల లేకుండా నేను బతకలేననిపించింది.

"కాదు సార్" అన్నాను. "నేను వీళ్ల అల్లుణ్ని కాదు. నాకు పెండ్లి కాలే."

కెప్టెన్ తల దించుకున్నాడు. అంపైరు మా జట్టును బయటికి పంపడానికి చెయ్యి ఎత్తాడు. అప్పుడు ట్రాక్టరు దగ్గర నుంచి ఒక కేక.

"ఎవడ్రా నువ్వు, మా అల్లుడివి కాదన్నది?"

అత్త తొట్టి దిగి వస్తోంది. చెప్పులు అక్కడే వదిలేసింది. పిచ్ తొక్కొద్దని కొడుకులు చిన్నప్పటి నుంచి చెప్పి ఉంటారు, దాని చుట్టూ తిరిగి నా దగ్గరకొచ్చి నిలబడింది. "ఇన్నేండ్లు నా మంచం మీద కూసొని, నా చేతి కూడు తిని, నలుగుట్ల అల్లుణ్ని కాదంటవా? సిగ్గున్నదా?"

"అత్తా, నీకు బిడ్డ లేదు గదా" అన్నాను.

ఆమె నన్ను పట్టించుకోలేదు. అంపైరును అంతకంటే పట్టించుకోలేదు. నేరుగా మందుల బల్ల దగ్గరకు పోయింది. మైకువాడు వైరు అందినంత దూరం వెనకాల పరిగెత్తాడు.

"వీడు అడిగిన పిల్లవు నువ్వేనా?"

ఆమె తల ఊపింది.

"మీ అమ్మ యాడున్నది?"

"లేదు. నా చిన్నప్పుడే పోయింది."

అత్త కొంగుతో చేతులు తుడుచుకుని, ఆ పిల్ల గడ్డం పట్టుకుంది. "నాకు బిడ్డ లేదు. నీకు అమ్మ లేదు. మరి ఇన్నొద్దులు యాడున్నవే?" అంది. తరువాత చెయ్యి పట్టుకుని బల్ల వెనక నుంచి బయటకు తీసుకొచ్చి, గ్రౌండు మధ్యకు నడిపించి, అంపైరు ముందు నిలబెట్టింది. "సారూ, ఇది నా బిడ్డ. వాడు మా అల్లుడు. ఇంక నీ రూలేంది, చెప్పు."

ఈలలు, హారన్లు, చప్పట్లు. ఆయన టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. చెమటకు అంతసేపు అక్కరలేదు.

"ఎప్పటి సంది?" అన్నాడు చివరికి.

"ఏంది?"

"నా బిడ్డ నీ బిడ్డయ్యింది ఎప్పటి సంది?"

"ఇప్పటి సందే."

ఆయన కూతురి వైపు తిరిగాడు. "నీకు ఇష్టమేనా?"

"అవ్ నాయనా."

"దేనికి? అమ్మకా, వీనికా?"

"రెంటికి" అంది.

అంపైరు గారు టోపీ పెట్టుకున్నాడు. నడుము నిటారుగా చేసి విజిల్ ఊదాడు. "ఇప్పటి సంది ఈయన ఆ ఊరి చుట్టం. ఆడొచ్చు. గాని ఇందాకటి బాల్ వేసినప్పుడు చుట్టం గాదు. కాబట్టి గా వికెట్ చెల్లదు. బ్యాట్స్‌మన్‌ను వెనకకు పిలువుండ్రి."

నాకు పిల్లనిస్తున్నట్టు ఆయన చెప్పిన మాట ఇదొక్కటే. వేరే ముహూర్తం పెట్టి, తాంబూలాలు మార్చుకుని చెప్పి ఉంటే ఇంత ఆనందం కలిగేది కాదు. అయితే ఆ వికెట్ విషయంలో ఆయనతో నేను ఈనాటికీ పోట్లాడతాను.

బతికిపోయిన ఆ బ్యాట్స్‌మన్ నన్ను ఉతికి ఆరేశాడు. తప్పు నాదే. కాళ్లు నేల మీద ఆనడం లేదు, బంతి ఎక్కడ వేస్తున్నానో చూడటం లేదు, పరిగెత్తి వచ్చే దారిలో మందుల బల్ల ఒకటి అడ్డొస్తోంది. నేను నవ్వుతూ వేశాను, వాడు నవ్వుతూ కొట్టాడు. ఒక బంతి తోటలోకి పోయి మళ్లీ కనపడలేదు. సాయంత్రానికి పొట్టేలు వేరే వాళ్ల ట్రాక్టరెక్కింది.

"గెలిచినమా?" అని అడిగింది అత్త.

"లేదత్తా, ఓడినం."

"మరి గిట్ల పండ్లికిలిస్తున్నవేంది?" అంది. అంటూనే ఆమె కూడా నవ్వింది.

పెళ్లి ఎండాకాలంలో మా చర్చిలోనే జరిగింది. పెళ్లికూతురి తల్లి కూర్చునే ముందు బెంచీలో అత్త కూర్చుంది, చెప్పులు బయటే వదిలి. వెదురు బుట్టల్లో తేనె, చింతపండు, పసుపు కొమ్ములు సారె తెచ్చింది. మా అమ్మ ఆమెతో ఆ రోజే వదినా అని వరుస కలిపేసింది. అక్కడితో నా కిరాయి వృత్తి ముగిసింది. అంతకుముందు నేను అల్లుడినైన ఊళ్లన్నీ కబురు పంపాయి, నేను వెళ్లలేదు. ఆ తరువాత ఆడినన్నాళ్లూ అడవి అంచు జట్టుకే ఆడాను, రూలు ప్రకారం. మామగారు అంపైరుగా వచ్చిన ప్రతి మ్యాచ్‌లోనూ నాకే ఎక్కువ నో బాల్స్ ఇచ్చాడు. చుట్టమని చూడకూడదట.

పెళ్లయిన తరువాతి ఏడు నా భార్య కడుపుతో ఉన్నప్పుడు మామగారు దిగులు పడ్డాడు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఇంట్లో ఆడదిక్కు లేదు, తాను డ్యూటీ మీద ఉంటే ఎవరు చూస్తారు? ఆయన ఇంకా మనసులో మాట బయటపెట్టకముందే వాళ్ల వాకిట్లో ట్రాక్టరు ఆగింది. తొట్టిలో పరుపు, దిండ్లు, నలుగురు అన్నదమ్ములు, మధ్యలో అత్త. "నా బిడ్డను తీస్కపోనీకి వచ్చిన" అంది.

పురుడు భద్రాచలం దవాఖానాలో పోసుకుంది. తల్లినీ బిడ్డనూ ఇంటికి తెచ్చారని తెలిసి నేను షాపు మూయకముందే బయలుదేరాను. వెళ్లేసరికి ఆ ఇంట్లో అడుగుపెట్టే చోటు లేదు, ఊరంతా అక్కడే ఉంది. నులక మంచం మీద కొత్త దుప్పటి పరిచి ఉంది. దాని మీద నా భార్య, ఆమె పక్కన గుడ్డల్లో చుట్టిన మా కూతురు. అత్త మంచం కోడు పట్టుకుని కింద కూర్చుని ఉంది. ఏడుస్తోంది, నవ్వుతోంది, వచ్చినవాళ్లందరికీ చెప్పిందే చెబుతోంది: మా ఇంట్ల ఆడపిల్ల పుట్టింది, మా ఇంట్ల ఆడపిల్ల పుట్టింది.

నేను అలవాటుకొద్దీ వెళ్లి మంచం మీద కూర్చోబోయాను.

"ఏయ్ అల్లుడా, లే!" అని అరిచింది. "అది నా బిడ్డల జాగ. కింద కూసో."

కింద కూర్చున్నాను.